వంతెన దాటిన ఆఖరి బండి

పళ్ళ డాక్టరుగారి వెనక గది,
ఫిబ్రవరి 11

బావకి,

ఇది కుశలప్రశ్నల ఉత్తరం కాదు, ముందే చెప్తున్నాను. అందరం బాగానే ఉన్నాం. మీ చెల్లెలి మోకాలు ఎప్పటిలాగే వాన సంగతి రెండు రోజుల ముందే చెప్పేస్తోంది. ఇక అసలు విషయానికొస్తాను. దొరికింది బావా! నీ యుద్ధం దొరికింది!

పాతపుస్తకాల ఆయన నాకోసం పక్కన పెట్టి ఉంచాడు. అట్ట ఊడిపోయింది గానీ పేజీలన్నీ భద్రంగా ఉన్నాయి. నాలుగు వందల పన్నెండు పేజీలు, చివర మడతపెట్టిన మ్యాపు. రాసింది ఎవరనుకున్నావు? మీ దళానికి అధికారిగా పనిచేసిన పెద్దమనిషే. ఆ నది, ఆ వంతెన, వెనక్కి తగ్గిన ఆ సాయంత్రం, అన్నీ ఉన్నాయిట. షాపులో నిలబడే విషయసూచిక మొత్తం చదివేశాను. షాపాయన నవ్వి, "ఇంటికెళ్ళి చదువుకోండి సార్, శత్రువులు ఎక్కడికీ పోరు" అన్నాడు.

నా పిచ్చి నీకు తెలియందేముంది? బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషిని. లక్షమంది సైన్యాన్ని మాత్రం మంచుకొండల్లోంచి ఒక్కడు జారకుండా దాటించగలను. మధ్యాహ్నం భోజనమయ్యాక డాక్టరుగారు కునుకు తీసే ముప్పావు గంట నాది. ఒక చేతిలో ఎవరిదో కింది దవడ అచ్చు, ఒళ్ళో ఒక కోట ముట్టడి. ప్రపంచంలో నా అంత సుఖంగా యుద్ధాలు చేసినవాడు ఉండడు. మీ చెల్లెలేమో, "ఈయన యుద్ధానికి వెళ్ళరు, యుద్ధాలే మా ఇంటికొచ్చి దుమ్ము పోస్తాయి" అంటుంది. అలమరలు నాలుగయ్యాయి మరి.

అన్ని పుస్తకాలు చదివానే గానీ, మన ఇంట్లో ఉన్న ఒక్క సైనికుడి నోట ఒక్క ముక్క వినలేదు. అక్క పెళ్ళైన దగ్గర్నుంచి ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను. "ఏముందిరా, బండి తోలాను" అంటావు. ఇప్పుడిక తప్పించుకోలేవు. ఒక్కో అధ్యాయం చదువుతూ రాస్తాను, నువ్వు పక్కన ఏం జరిగిందో రాయి. ఫోన్లో అడుగుదామంటే నీ ఎడమ చెవికి నేను దోమనంటావు, కుడి చెవికి పెట్టుకోవు. అందుకే ఈ కాగితాలు.

మొదటి ప్రశ్న. వంతెన మీద రెండు బండ్లు ఎదురైతే తప్పుకునే వీలుందా?

జవాబు కోసం వీధి తలుపు దగ్గరే ఉంటాను.

నీ బావమరిది


డ్రైవింగ్ స్కూలు,
ఫిబ్రవరి 24

ఒరేయ్ పళ్ళోడా,

నీ ఉత్తరం అందింది. మేం బాగున్నాం. మీ అక్క నీ రాత చూసి, "వీడు ఇంకా పరీక్ష రాస్తున్నట్టే రాస్తాడు" అని నవ్వింది.

ఇక్కడ కొత్తగా ఒక బ్యాంకు ఆవిడ చేరింది. బ్రేకు వేసినప్పుడల్లా కారుకి సారీ చెబుతుంది. నాకు చెప్పదు, నా మెడ విరిగినా సరే. ఇంకొకాయన రిటైరైన లెక్కల మాస్టారు. గేరు మార్చమంటే ఎందుకు మార్చాలో ముందు నిరూపించమంటాడు. వీళ్ళిద్దరికీ లైసెన్సులు వచ్చేలోగా నాకు పింఛను రావడం మానేస్తుంది.

పుస్తకం దొరికినందుకు సంతోషం. నాకు పెద్దగా గుర్తులేదురా. ఆరు చక్రాల బండి. స్టీరింగు బరువు, క్లచ్ మహా మొండి. ఎండ. అంతే. వంతెన ఇరుకు, ఒకటే బండి పడుతుంది.

అది చదివాక ఇక్కడికి పంపకు. మీ అక్కకి చిన్న అక్షరాలు కనపడవు, నాకు ఓపిక లేదు. నీ దగ్గరే ఉంచుకో.

మీ బావ


పళ్ళ డాక్టరుగారి వెనక గది,
మార్చి 15

బావకి,

"ఒకటే బండి పడుతుంది" అన్నావు చూడు, ఆ ఒక్క ముక్కతో నాకు వారం నిద్ర లేదు. మ్యాపులో అది లేదు. అచ్చులకి తెచ్చిన ప్లాస్టరు రెండు కేజీలు మిగిలితే, నది, అటు గట్టు, ఇటు గట్టు, వంకర తిరిగిన రోడ్డు అన్నీ పోశాను. వంతెన గులాబి మైనంతో చేశాను, చిగుళ్ళకి వాడేది. బండ్లకి పాత దంతాలు పెట్టాను. ఏడు దవడపళ్ళు వరసగా వంతెన దాటుతుంటే చూడాలి! డాక్టరుగారు లోపలికొచ్చి, "ఇది ఎవరి నోరయ్యా?" అని అడిగారు.

నిన్న పదకొండో అధ్యాయం చదివాను బావా. ఇప్పటికీ నా చెవులు వేడిగానే ఉన్నాయి. నువ్వు చదవనన్నావు కాబట్టి చెప్తాను. ఆరు బండ్లు దాటాయి. నదికి అవతల ధాన్యపు కొట్టులో గాయపడినవాళ్ళు ఉన్నారు. వంతెన పేల్చడానికి ఇంకా పావుగంట ఉంది. అధికారి ఏడో బండిని వాళ్ళకోసం ఆపి ఉంచాడు. ఆ డ్రైవరు, వాడి చేతులు పడిపోను, గుళ్ళ చప్పుడుకి జడిసి, ఆజ్ఞ కోసం కూడా ఆగకుండా ఖాళీ బండి వేసుకుని ఉరికాడట! అధికారి ఆ తర్వాత నడిచి దాటాడు. వంతెన పేల్చక తప్పలేదు. కొట్టులో వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆయన చివర్లో రాశాడు: "వాడు చిన్నవాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. క్షమించాను."

ఆ మాట దగ్గర నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత పెద్ద మనసు! నేనైతే ఆ పిరికిపందని అదే వంతెనకి కట్టేసేవాణ్ణి. ఊరుకోలేక ఆయనకి ఉత్తరం రాశాను, పుస్తకంలో ఉన్న అడ్రసుకి. మూడు పేజీలు. ఆ డ్రైవరుని కడిగేశాను, ఆయన్ని మెచ్చుకున్నాను. మా బావ కూడా ఆ రోజు ఆ బండ్ల వరసలోనే డ్రైవరని గర్వంగా రాశాను. తప్పా?

ఇప్పుడు చెప్పు. ఏడుగురే డ్రైవర్లు. వాడెవడో నీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత వాడి మొహం ఎలా చూశారు మీరంతా? నీది ఎన్నో బండి?

నీ బావమరిది


పళ్ళ డాక్టరుగారి వెనక గది,
ఏప్రిల్ 9

బావకి,

నెల కావస్తోంది, జవాబు లేదు. అక్కకి ఫోన్ చేస్తే, "బానే ఉన్నారు, కాస్త ముభావంగా ఉన్నారు" అంది. నేనేమైనా ఎక్కువ రాశానా? రెండు ముక్కలు రాయి చాలు. బ్యాంకు ఆవిడ కబుర్లైనా సరే.

నీ బావమరిది


డ్రైవింగ్ స్కూలు,
ఏప్రిల్ 20

ఒరేయ్,

నాది ఏడో బండి.

ఈ మాట రాసి మూడు రోజులు కాగితం సొరుగులో పెట్టాను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను. ఒకసారే రాస్తాను, మళ్ళీ అడగకు.

ఆ రోజు మధ్యాహ్నం కొట్టులోకి వాళ్ళని మోసినవాళ్ళలో నేనొకణ్ణి. తొమ్మిదిమంది. ఆ పుస్తకంలో ఈ లెక్క వేశారో లేదో గుర్తులేదు. తొమ్మిదిమంది. ఒకడు మోస్తున్నంతసేపూ నన్నే ఓదార్చాడు, "నేను బరువున్నాను, మెల్లగా నడు" అని. సాయంత్రం బండిని కొట్టు తలుపుకి ఇరవై గజాల దూరంలో ఆపాను. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. అధికారి కొట్టువైపు నుంచి రాలేదు, గట్టు వైపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్క సీటులోకి ఎక్కాడు. టోపీ లేదు. "పద" అన్నాడు.

"సార్, లోపల మనవాళ్ళున్నారు" అన్నాను.

"పద."

"తొమ్మిదిమందే సార్, అయిదు నిమిషాలు."

ఆయన తుపాకీ తీయలేదు. తీసి ఉంటే నాకు బాగుండేది, ఇన్నేళ్ళూ చెప్పుకోవడానికి ఒకటుండేది. నా మోకాలి మీద చెయ్యి వేశాడు, మీ నాన్న వేసినట్టు. "నాకు పిల్లలున్నారు, పదరా" అన్నాడు. క్లచ్ వదిలాను.

వెనక్కి చూడలేదు. ఇవతలి గట్టు ఎక్కుతుండగానే వంతెన లేచిపోయింది. నా ఎడమ చెవి అక్కడే పోయింది. మీ అక్కకి టైరు పేలిందని చెప్పాను.

తర్వాత వాళ్ళేమయ్యారో ఏ కాగితంలోనూ లేదు. ఆయనా నేనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు బదిలీ అయింది. ఆయన పుస్తకం రాశాడని నాకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఒక షాపులో నిలబడి ఆ అధ్యాయం చదివాను. చదివి అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆయన అబద్ధం రాశాడు. నిజమే. కానీ క్లచ్ మీద కాలు నాది. అందులో ఆయన రాసింది తప్పు కాదు. చిన్నవాణ్ణి, ఇరవై నాలుగేళ్ళు, జడిశాను. అదీ నిజమే.

నువ్వు తిట్టావని కోపం లేదు. నువ్వు తిట్టినవన్నీ నేను అంతకు ముందే తిట్టుకున్నాను, నీకంటే బాగా. మీ అక్కకి ఏమీ తెలీదు. చెప్పకు. ఆయన దగ్గరికి వెళ్ళకు. ఏదో సరిచేయాలని చూడకు. ఇందులో సరిచేయడానికి ఏమీ లేదు.

మీ బావ


ఇంటి నుంచి,
ఏప్రిల్ 27

బావా,

నీ ఉత్తరం చదివి ప్లాస్టరు నదిని సుత్తి పెట్టి కొట్టేశాను. పళ్ళు మాత్రం ఏరి డబ్బాలో వేశాను, అవి ఏం పాపం చేశాయి?

నన్ను క్షమించు అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ మాటంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ముప్పై ఏళ్ళు నీ పక్కన కూర్చుని భోజనం చేస్తూ, నీ చెవిలో యుద్ధాలు ఊదాను. ఏ రాజు ఎక్కడ ఎన్ని వేలమందిని పోగొట్టుకున్నాడో లెక్కలు చెప్పాను. నువ్వు తల ఊపేవాడివి. ఎంత విసుగు పుట్టి ఉంటుందో అనుకునేవాణ్ణి. విసుగు అనుకున్నాను బావా!

వెళ్ళకు అన్నావు. వెళ్తున్నాను. ఆయన నా మూడు పేజీల ఉత్తరానికి జవాబు రాయించాడు, కలవమని. ఇక్కడికి రెండు గంటల ప్రయాణం. నీ పేరు ఎత్తను, ప్రమాణం చేస్తున్నాను. ఒక్క ప్రశ్న అడిగి వచ్చేస్తాను.

నీ బావమరిది


డ్రైవింగ్ స్కూలు,
మే 3

వెళ్ళకురా. చేతులు జోడించి చెప్తున్నాను. ఇది అందేలోగా వెళ్ళిపోయి ఉంటే, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నా మనసు కోసం మార్చి రాయకు.

బావ


ఇంటి నుంచి,
మే 12

బావా,

నీ కార్డు నేను తిరిగొచ్చిన మర్నాడు అందింది. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

పెద్ద ఇల్లేమీ కాదు. మొదటి అంతస్తు, మెట్లు ఇరుకు. ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మీద దుప్పటి. తొంభైకి దగ్గర. కూతురు చూసుకుంటోంది, ఆవిడా రిటైరైన మనిషే. నన్ను చూడగానే ఆయన లేవబోయాడు. "ఏ దళం?" అని అడిగాడు. "పళ్ళు కట్టేవాణ్ణి సార్" అన్నాను. "మంచి దళం" అన్నాడు.

ఆవిడ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. నాలుగేళ్ళుగా ఆయనకి ఏదీ నిలవడం లేదట. భార్య పోయిన సంగతి రోజూ కొత్తగా చెప్పాల్సి వస్తే, చెప్పడం మానేశారట. ఒక్క పుస్తకమే ఆయన్ని పట్టి ఉంచింది. రోజూ మధ్యాహ్నం ఈవిడ ఒక అధ్యాయం చదివి వినిపిస్తుంది. ఆయన వింటూ, "అవును, నేనే, నేనే" అంటాడట. "నాన్న జీవితం ఇప్పుడు అందులోనే ఉందండీ. అది మూసేస్తే నాన్న లేరు" అంది.

నేను ప్రశ్న బట్టీపట్టి తెచ్చుకున్నాను కదా, అడిగేశాను. "అయ్యా, ఆ సాయంత్రం మీరు వంతెన ఎలా దాటారు?"

ఆయన నా వైపు చూశాడు. నుదురు ముడిపడింది. బావా, ఎక్కడో లోపల తలుపు తెరుచుకుంటోందనుకున్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, "అమ్మా, ఎలా దాటాను?" అని అడిగాడు.

ఆవిడ పుస్తకం తీసి, పదకొండో అధ్యాయంలో వేలు పెట్టి చదివింది. "నడిచి, నాన్నా."

"నడిచి" అన్నాడు నాతో. ఊపిరి పీల్చుకున్నాడు, పాఠం గుర్తొచ్చిన పిల్లాడిలా. తర్వాత కొట్టులో వాళ్ళు ఉండిపోయిన చోటు ఆవిడ చదువుతుంటే ఏడ్చాడు. నటన కాదు. భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. "ఆ పిల్లాణ్ణి క్షమించాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా పై పళ్ళ సెట్టు జారుతోంది. వదులైపోయింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్తే నవ్వుతావో ఉమ్ముతావో. ఆవిడ "చిగురు ఒరుసుకుని పుండు పడుతోందండీ, ఒకసారి చూస్తారా" అంది. చూశాను. నా సంచిలో ఆకురాయి ఎప్పుడూ ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చుని అరగంట పాటు ఆ సెట్టు అంచు రుద్ది సరిచేశాను. ఆ పళ్ళు నా చేతిలో ఉన్నాయి బావా. నేలకేసి కొట్టొచ్చు. కడిగి, తుడిచి, ఆయన నోట్లో పెట్టాను. నిలదీయడానికి వెళ్ళినవాణ్ణి అన్నం నమలడానికి వీలు చేసి వచ్చాను.

ఇంకోటుంది. మార్చి రాయకు అన్నావు కాబట్టి రాస్తున్నాను. పుస్తకం మళ్ళీ అచ్చు వేశారు. నడవలో కట్టలు కట్టి ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసి, చివరి పేజీలు తిప్పి నాకు చూపించింది. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు కొన్ని వేశారు. మొదటిది నాదే. నా పేరు, నా అడ్రసు, మూడు పేజీలూ. "ఆ పిరికిపంద", "వాడి చేతులు పడిపోను", అన్నీ అచ్చులో. దాని కిందే, "మా బావ కూడా ఆ రోజు అక్కడ బండి నడిపిన వీరుడు" అని.

తీసేయమని బతిమాలాను. "ఎందుకండీ, ఎంత బాగా రాశారు!" అంది. కారణం చెప్పలేను, నీకు మాటిచ్చాను. సగం కట్టలు అప్పటికే షాపులకి వెళ్ళిపోయాయి. నేను బస్సెక్కి వచ్చేశాను.

నీ బావమరిది


డ్రైవింగ్ స్కూలు,
జూన్ 1

ఒరేయ్ పళ్ళోడా,

ఉన్నదున్నట్టు రాశావు. చాలు.

పళ్ళు సరిచేసినందుకు నిన్నేమీ అనను. ఆయన ఏడ్చాడన్నావు చూడు, అక్కడ చదవడం ఆపి వీధిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఆయన మీద కోపం దాచుకున్నాను రా ఇన్నేళ్ళూ, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టను? పడేయాలన్నా ఆ మనిషి లేడు.

అచ్చైన ఉత్తరం సంగతికి నువ్వు కుమిలిపోకు. అందులో వీరుడూ పిరికిపందా ఒకే పేజీలో పక్కపక్కన కూర్చున్నారు, వాళ్ళిద్దరికీ నేనొక్కణ్ణే కదా అద్దె ఇల్లు.

పుస్తకం షాపుల్లోకి వచ్చిందంటే మీ అక్క చెవిన పడకుండా ఉండదు. అందుకని చెప్పేశాను. నేర్చుకునేవాళ్ళు లేని ఖాళీ గంటలో స్కూలు కారులో కూర్చోబెట్టి చెప్పాను, ఇంట్లో నోరు రాలేదు. చివరిదాకా విన్నది. "టైరు కాదా?" అంది ముందు. అన్నిటికంటే ముందు అదే అడిగింది. తర్వాత, "పక్కన కూర్చున్నవాడు పద అంటే పోయారు. పక్కన నేనుండి ఆగండి అంటే ఆగేవారా?" అంది.

ఆవిడ మళ్ళీ అడగలేదు. అన్నం పెడుతుంది, మందు గుర్తు చేస్తుంది, లెక్కల మాస్టారి మీద జోకులకి నవ్వుతుంది. కానీ ఆ ప్రశ్న నడిగదిలో నాలుగో మనిషిలా తిరుగుతోంది. మేమున్నది ఇద్దరమే అయినా నాలుగో మనిషి అంటున్నాను, మూడోది ఆ ముసలాయన.

మీ బావ


పళ్ళ డాక్టరుగారి వెనక గది,
సెప్టెంబరు 6

బావకి,

ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలియక రాయలేదు. పుస్తకాల జోలికి వెళ్ళడం లేదు. మొన్నొకటి తీశాను, అలవాటు చావక. "స్వల్ప నష్టంతో దళం వెనక్కి తగ్గింది" అని ఉంది. ఆ "స్వల్ప" దగ్గరే ఆగిపోయాను. ఇదివరకు అలాంటి వాక్యాలు నిమిషానికి ఇరవై దాటేసేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నది రాయకుండా ఉంటే బాగుండును. కానీ ఇది నీ సొత్తు, దాచే హక్కు నాకు లేదు. పుస్తకంలో నా అడ్రసు చూసి ఒకావిడ ఉత్తరం రాసింది. ఒకటికి నాలుగుసార్లు చదివాను. ముఖ్యమైన ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"నేను బడిలో గంట కొట్టే పని చేసి రిటైరయ్యాను. మా తమ్ముడు వైర్‌లెస్ పని చేసేవాడు. కాలికి దెబ్బ తగిలి ఆ కొట్టులో ఉన్నాడని, తర్వాత జాడ తెలియలేదని మాకు కాగితం వచ్చింది. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ బావగారు ఆ బండ్లలో డ్రైవరని రాశారు. దయచేసి ఆయన్ని ఒక్క మాట అడగండి. మా తమ్ముడికి నత్తి. కంగారు పుడితే అసలు మాటే వచ్చేది కాదు. చిన్నప్పుడు నూతిలో పడితే కూడా పిలవలేకపోయాడు, నేను చప్పుడు విని పరిగెత్తాను. ఆఖరి బండి వెళ్ళిపోయేటప్పుడు వాడు మెలకువగా ఉన్నాడా? పిలుద్దామని ప్రయత్నించి, మాట రాక ఉండిపోయాడా? ఆ డ్రైవరుని నేనేమీ అనను. నాకు అదొక్కటే కావాలి."

బావా, నేనేం చేయను? తెలియదని రాసేయనా? నువ్వు ఎలా చెప్తే అలా చేస్తాను. నాలుగు అలమరల యుద్ధం చదివాను, ఒక ముసలావిడకి నాలుగు వాక్యాలు రాయడం చేతకావడం లేదు.

ఆవిడ అడ్రసు వెనక పేజీలో ఉంది.

నీ బావమరిది


డ్రైవింగ్ స్కూలు,
అక్టోబరు 19

ఒరేయ్,

నువ్వు రాయక్కర్లేదు. నేనే రాశాను.

మీ అక్కకి ఆ ఉత్తరం చూపించాను. చిన్న అక్షరాలు కనపడవు కదా, నన్నే చదవమంది. నూతి ముక్క దగ్గర నేను చదవడం ఆపితే, కాగితం లాక్కుని అక్షరం అక్షరం కూడబలుక్కుని తనే చదివింది. "మీరెవరో చెప్పి రాయండి. పోస్టు చేయడానికి నేనూ వస్తాను" అంది.

నా పేరు రాశాను. ఏడో బండి నాదేనని రాశాను. అధికారి నా పక్కన ఉన్నాడని, అయినా తోలింది నేనేనని రాశాను. మీ తమ్ముడు నాకు గుర్తున్నాడని రాశాను. గుర్తున్నాడు కూడా. మోస్తున్నప్పుడు నన్ను ఓదార్చినవాడు అతనే. ఆ నాలుగు మాటలు అనడానికి కొట్టు దాకా పట్టింది, ఒక్కో మాట దగ్గర ఎంత తడబడ్డాడో. ఆవిడ అడిగినదానికి మాత్రం, మధ్యాహ్నం సూదిమందు ఇచ్చారని, సాయంత్రానికి గాఢనిద్రలో ఉన్నాడని, బండి వెళ్ళిన సంగతే తెలియదని రాశాను.

నిన్న జవాబొచ్చింది. రెండే వాక్యాలు. "నిద్రలో ఉన్నాడన్నారు, అది చాలు. ఇక మీరు నాకు రాయవద్దు."

మీ అక్క ఆ రెండు వాక్యాలూ చదివి, "మంచిదే, నిద్రలో ఉన్నాడు" అంది. నేను తల ఊపాను. మీ అక్కకి కూడా అలాగే ఉండనీ.

అక్కడ సూదిమందు లేదురా. మందుల పెట్టె ఆరో బండిలో వెళ్ళిపోయింది. ఆ ముసలాయన కూడా మొదట ఎవరో ఒక తల్లికి ఇలాగే ఒక ఉత్తరం రాసి ఉంటాడేమో, అక్కణ్ణుంచి మొదలై ఉంటుందేమో అని నిన్నటి నుంచి అనిపిస్తోంది.

నిజం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. పుస్తకంలో లేదు, ఆవిడ దగ్గర లేదు, మీ అక్క దగ్గర లేదు. నీకు రాస్తున్నాను. నీకే ఎందుకంటే ఇంకెవరూ లేరు. చదివి ఏం చేసుకుంటావో నాకు తెలీదు. నాకు జవాబు మాత్రం రాయకు.

వెనక్కి చూడలేదని ఏప్రిల్లో రాశాను. చూశాను. ఆవిడ తమ్ముడు కొట్టు గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉన్నాడు, గాలి తగులుతుందని అక్కడే దింపమన్నాడు. మెలకువగానే ఉన్నాడు. గేరు పడిన చప్పుడు విని తల ఎత్తాడు. పిలవలేదు. పిలుద్దామని ప్రయత్నించలేదు కూడా. బండిని వెనక్కి తిప్పి గుమ్మం దాకా తెస్తున్నాననుకున్నాడు. విరిగిన కాలిని రెండు చేతులతో ఎత్తి, పక్కకి జరుపుకుని, నాకు దారి ఇచ్చాడు.

మీ బావ